డబుల్ రోడ్డు దాటాలంటే భయం. మా సెక్టారు సంఘం ఏం చేస్తే బాగుంటుంది?

కడలి_లక్ష్మి
మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీ. పోయిన నెల మా అమ్మ రైతు బజారులో కూరలు కొనుక్కుని డబుల్ రోడ్డు దాటుతుంటే బైకు గుద్దింది. తుంటి ఎముక విరిగింది. అమ్మకి 71 ఏళ్ళు. ఆపరేషన్ అయింది, ఇప్పుడు వాకర్ పట్టుకుని గదిలో నాలుగడుగులు వేస్తోంది. బైకు నడిపిన అబ్బాయి పారిపోలేదు. ఆటో పిలిచి ఎక్కించిందీ, రాత్రి దాకా ఆస్పత్రిలో కూర్చుందీ అతనే. అతని మీద నాకు కోపం లేదు.

నా కోపమంతా ఆ రోడ్డు మీద. డివైడర్‌కి సందు ఉన్నచోట జనం దాటతారు, అక్కడ జీబ్రా గీతలు లేవు. గీతలు ఉన్నచోట డివైడర్ మూసి ఉంది. ఆ గీతలు కూడా సగం చెరిగిపోయాయి. పోనీ పక్కన నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండ్లు, కొబ్బరిబొండాలు, ఆగిన స్కూటర్లు. దిగి రోడ్డు మీదే నడవాలి.

వచ్చే ఆదివారం మా సెక్టారు సంక్షేమ సంఘం మీటింగు ఉంది. అందరూ ఒకటే మాట మీద ఉన్నారు: స్పీడ్ బ్రేకర్ వేయించాలి, బండ్లు తీయించాలి. ఇంతకన్నా ఏమైనా ఉందా? వేరే కాలనీల్లో చేసి చూసినవాళ్ళుంటే చెప్పండి.

వాకర్_మూర్తి
అమ్మగారు త్వరగా కోలుకోవాలి. నేనూ అదే రోడ్డు రోజూ దాటతాను. వెంకోజీపాలెం వైపు నుంచి వచ్చే బళ్ళు కాస్త పల్లం దొరికేసరికి వేగం పెంచేస్తాయి. స్పీడ్ బ్రేకర్ ఒక్కటే మందు. రెండు వేయించండి.

వైజాగ్_కుర్రాడు
బ్రేకర్ అంటే వద్దు బాబోయ్. మా అక్కయ్యపాలెం సందులో చందాలేసుకుని రాత్రికి రాత్రి సిమెంటుతో కట్టేశారు. అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు. రెండో వారంలో పాలబ్బాయి క్యాన్లతో సహా పడ్డాడు. మా వదినకి అప్పుడు ఏడో నెల. ఆటో ఆ బ్రేకర్ ఎక్కి దిగిన ప్రతిసారీ ఆవిడ ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేది.

వాకర్_మూర్తి
అయితే ఏం చేయమంటావు బాబూ? చేతులు జోడించి దాటమంటావా?

విశ్రాంత_ఇంజనీరు
మూర్తి గారూ, కుర్రాడూ, మీ ఇద్దరి మాటలోనూ నిజముంది. 31 ఏళ్ళు రోడ్ల పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కుర్రాడు చెప్పింది బ్రేకర్ కాదు, గోడ. రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే దాదాపు 12 అడుగులు. దాని మీద 25 కిలోమీటర్ల వేగంతో వెళితే నడుముకి దెబ్బ తగలదు, అంతకు మించితే తగులుతుంది. అదే దాని పని. ముందు బోర్డు ఉండాలి, మీద రాత్రిపూట మెరిసే గీతలు ఉండాలి. సొంతంగా సిమెంటు పోయడం చట్టరీత్యా తప్పు, ఎవరైనా పడితే ఆ పాపం మనకే.

ఇక వేగం మాట. మనిషి కనబడ్డాక బ్రేకు మీద కాలు పడటానికి ఒక సెకను పడుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనుతో కలిపి బండి ఆగడానికి సుమారు 13 మీటర్లు కావాలి. 60లో అయితే సుమారు 36 మీటర్లు. ఇదంతా రోడ్డు పొడిగా ఉండి, బ్రేకులు బాగున్నప్పటి లెక్క. వానాకాలం సాయంత్రం అయితే ఇంకా ఎక్కువే. లక్ష్మి గారి అమ్మగారిని గుద్దిన అబ్బాయి మంచివాడే కావచ్చు. ఆ వేగంలో మంచివాడి బండి కూడా ఆగదు.

నా సలహా: దాటే చోటునే రోడ్డు ఎత్తు పెంచమనండి. ఫుట్‌పాత్ ఎత్తుకి సమానంగా బల్లపరుపుగా ఒక వేదికలా కట్టి, దాని మీద జీబ్రా గీతలు వేస్తారు. బండికి అదే బ్రేకర్, మనిషికి అదే దారి. డివైడర్ దగ్గర మనిషి నిలబడేంత చోటు వదలాలి. అప్పుడు ముసలివాళ్ళు ఒకసారి కుడివైపు చూసుకుని సగం దాటి, ఆగి, ఎడమవైపు చూసుకుని మిగతా సగం దాటతారు. ఒకేసారి రెండు వైపులా చూడటం 70 దాటినవాళ్ళకి కష్టం.

హనుమంతవాక_అక్క
ఆ మధ్యలో నిలబడే చోటు మాకెంత అవసరమో మాటల్లో చెప్పలేను. అడవివరం వైపు వెళ్ళే బీఆర్టీఎస్ రోడ్డు (మధ్యలో బస్సులకి వేరే దారి ఉంటుంది) దాటడమంటే ఒక్కరోడ్డు కాదు, మూడు రోడ్లు దాటినట్టు. పిల్లని చంకనెత్తుకుని, పెద్దదాన్ని చేత్తో పట్టుకుని పరిగెడతాను. పరిగెత్తకూడదని తెలుసు. నడిస్తే అటు చేరేలోగా నాలుగు బళ్ళు వచ్చేస్తాయి.

ఆటో_శీను
మా ఆటోవాళ్ళనే తిడతారని ఎదురుచూస్తున్నాను, ఇంకా ఎవరూ తిట్టలేదు 🙂 నేనే చెప్తాను. మేం అడ్డంగా ఆపుతాం, నిజమే. కానీ రైతు బజారు గేటు దగ్గర రెండు సంచులతో మామ్మగారు చెయ్యెత్తితే ఎక్కడ ఆపమంటారు? ముందుకెళ్ళి ఆపితే ఆవిడ నడవలేదు. గీత గీసి 'ఆటోలు ఇక్కడ' అని నాలుగు ఆటోల చోటు చూపించండి, మేం అక్కడే ఉంటాం. మా స్టాండులో అందరితో నేను మాట్లాడతాను. మీటింగుకి కూడా వస్తాను, రమ్మంటే.

కడలి_లక్ష్మి
శీను గారూ, తప్పకుండా రండి. ఇప్పటిదాకా మా మీటింగులకి ఇళ్ళవాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. ఎవరినీ పిలవాలనీ తోచలేదు.

సెక్టారు_సుబ్బారావు
అన్నీ బాగానే చెప్తున్నారు గానీ అసలు సమస్య టిఫిన్ బండ్లు. పొద్దున్న 6 నుంచి ఫుట్‌పాత్ వాళ్ళదే. పన్ను కట్టేది మనం, అనుభవించేది వాళ్ళు. ముందు వాటిని లేపించాలి, మిగతావి తర్వాత.

నీలిమ_ఏయూ
సుబ్బారావు అంకుల్, అలా లేపడానికి కుదరదు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేసి, వాళ్ళకి చోటు చూపించకుండా ఖాళీ చేయించకూడదు. ఎక్కడ పెట్టుకోవాలో పట్టణ విక్రయ కమిటీ తేల్చాలి. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. నేను హాస్టల్లో ఉన్న మూడేళ్ళూ నా పొద్దుటి తిండి ఆ బండి మీదే. రాత్రి 9కి లైబ్రరీ నుంచి వస్తుంటే ఆ బండి దగ్గర దీపం, నలుగురు మనుషులు ఉన్నారన్నదే నాకు ధైర్యం. ఆ మూల ఖాళీ అయిపోతే ఆడపిల్లలం ఇటు నడవం.

సెక్టారు_సుబ్బారావు
ధైర్యం సరే, నడిచే దారేదమ్మా?

ప్రసాద్_నాలుగుచక్రాలు
నా మాట కూడా వినండి. పోలియో వల్ల చిన్నప్పటి నుంచి చక్రాల కుర్చీలోనే ఉన్నాను. మా ఇంటి నుంచి మెడికల్ షాపు 300 మీటర్లు. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఫుట్‌పాత్ మీద వెళ్ళలేదు. టిఫిన్ బండి అడ్డం వచ్చి కాదు. బండాయన నన్ను చూసి బల్ల జరుపుతాడు, ఎన్నోసార్లు జరిపాడు. నన్ను ఆపేది ఇళ్ళ ముందు ర్యాంపులు.

మన వీధిలో ప్రతి ఇంటి గేటుకీ ముందు కారు ఎక్కడానికి సిమెంటు వాలు కట్టారు. అది ఇంటి లోపల ఉండదు, ఫుట్‌పాత్ మీద ఉంటుంది. ఒక ఇంటి దగ్గర జానెడు ఎత్తు, పక్కింట్లో మూరెడు. ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి. నా కుర్చీ పక్కకి ఒరిగి రెండుసార్లు పడ్డాను. అందుకే రోడ్డు మీద, బళ్ళకి ఎదురుగా వెళ్తాను. కనీసం వచ్చేది కనబడుతుందని.

బండి చక్రాలమీద ఉంటుంది, జరుగుతుంది. ర్యాంపు జరగదు.

విశ్రాంత_ఇంజనీరు
ప్రసాద్ గారి పోస్టు మీటింగులో చదివి వినిపించాలి. నియమం ప్రకారం ఇళ్ళుండే వీధిలో ఫుట్‌పాత్ మీద అడ్డం లేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి. చక్రాల కుర్చీలు రెండు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోగలిగేంత. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మనవాళ్ళు అడుగు ఎత్తు కట్టి, ఎవరూ ఎక్కడం లేదని బాధపడతారు.

బీచ్‌గాలి
పెద్దవాళ్ళు ఆ అడుగు ఎత్తు ఎక్కలేకే రోడ్డు మీద నడుస్తారు. దానికి తోడు డ్రైన్ మీద పలకలు ఒకటి ఉంటే ఒకటి ఉండదు. మా నాన్న పలకలు లెక్కపెట్టుకుంటూ నడుస్తారు, గుళ్ళో ప్రదక్షిణలు లెక్కపెట్టినట్టు. ఏడోదీ పదకొండోదీ లేవని ఆయనకి కంఠతా వచ్చు.

అప్పన్న_దయ
ప్రదక్షిణ అంటే గుర్తొచ్చింది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా వచ్చి మన డబుల్ రోడ్డు మీద నుంచే వెంకోజీపాలెం వెళ్తారు కదా. ఆ రాత్రి రోడ్డంతా నడిచేవాళ్ళే. పసిపిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళు, చెప్పుల్లేని ముసలమ్మలు. మనం మజ్జిగ, పులిహోర పంచుతాం, బారికేడ్లు కడతాం, ఎవరికీ చిన్న దెబ్బ తగలకుండా చూసుకుంటాం. అదే రోడ్డు, అదే మనం. ఆ జాగ్రత్తలో పదోవంతు మిగతా రోజుల్లో పెడితే లక్ష్మి గారి అమ్మ ఇంట్లో హాయిగా వంకాయలు తరుక్కునేది.

వైజాగ్_కుర్రాడు
దయ గారి మాట గుండెకి తగిలింది. బీచ్ రోడ్డులో కూడా పొద్దున్నే బళ్ళు ఆపేస్తారు, ఊరంతా వచ్చి నడుస్తుంది. బళ్ళు లేకపోతే మనవాళ్ళు నడుస్తారని అక్కడ రోజూ కనబడుతూనే ఉంది.

హనుమంతవాక_అక్క
బీచ్ రోడ్డులో నడిచేది ఆరోగ్యం కోసం. మేం నడిచేది బస్సు కోసం. రెండూ ఒకటి కాదు తమ్ముడూ.

వాకర్_మూర్తి
నిజమే అమ్మా. నేను కారేసుకుని బీచ్‌కి వెళ్ళి నడిచి వస్తాను. నా వీధిలో నడవను. ఇప్పుడాలోచిస్తే అదేం బాగోలేదు.

నీలిమ_ఏయూ
ఇంకో సంగతి. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళే. ఐదుగురిలో ఒకరు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని చెప్పింది. అంటే జీవించే హక్కులో. అర్జీలో ఇది రాయండి. మనం అడుగుతున్నది సౌకర్యం కాదు.

కడలి_లక్ష్మి
ఆదివారం మీటింగు అయింది. నిజానికి మీటింగు కూర్చోలేదు, నడిచాం. పొద్దున్న 6 గంటలకి రైతు బజారు గేటు దగ్గర 14 మందిమి కలిశాం. ఇంజనీరు గారు టేపు తెచ్చారు, నీలిమ నోటుబుక్కు పట్టుకుంది, ప్రసాద్ గారు ముందు, మేమంతా వెనక. ఆయన కుర్చీ ఆగిన ప్రతిచోటా మేం ఆగి, ఏం అడ్డమొచ్చిందో రాసుకున్నాం. 700 మీటర్లకి రెండు గంటలు పట్టింది.

రాసుకున్నది ఇది: ఇళ్ళ ర్యాంపులు 31. ఫుట్‌పాత్ మీద ఆగిన బళ్ళు 22, వాటిలో ఎక్కువ మా అపార్ట్‌మెంట్లవే. తోపుడు బండ్లు 9. లేని డ్రైన్ పలకలు 6. వెలగని వీధి దీపాలు 4, ఇంకో మూడు వెలుగుతున్నా కొమ్మల వెనక ఉన్నాయి.

ఈ లెక్క చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 31లో ఒకటి మాదే. అమ్మ రోజూ మా గేటు ముందే ఫుట్‌పాత్ దిగి రోడ్డెక్కేది.

సెక్టారు_సుబ్బారావు
నేనూ నడిచాను. లెక్క తప్పని అనను. కానీ ర్యాంపు తీసేస్తే నా కారు లోపలికి ఎలా ఎక్కాలి? 24 ఏళ్ళ క్రితం కట్టిన ఇల్లు. రోడ్డు మీద రోడ్డు వేసి, డ్రైన్ ఎత్తు పెంచి, మా ఇళ్ళు పల్లంలో పడేశారు. వాన నీళ్ళు లోపలికి రాకుండానే ఆ వాలు కట్టాం. అది కూడా రాయండి.

విశ్రాంత_ఇంజనీరు
సుబ్బారావు గారూ, అది న్యాయమైన మాట. పాత తారు గీకకుండా కొత్త పొర వేసుకుంటూ పోతే జరిగేది అదే. అర్జీలో రాద్దాం, ఈసారి రోడ్డు వేసేముందు పాత పొర తీయమని.

మీ కారుకి దారి ఉంది. వాలుని గేటు లోపలికి మార్చండి. మీ ఇంటి ముందు సెట్‌బ్యాక్ (గేటుకీ ఇంటికీ మధ్య వదిలిన ఖాళీ) నేను చూశాను, చోటు చాలు. బయట ఫుట్‌పాత్ మొత్తాన్నీ నరకక్కర్లేదు, రోడ్డు వైపు అంచున రెండడుగులు మాత్రం వాలు చేస్తే చాలు. మిగతా వెడల్పంతా సమంగా ఉంటుంది. నీళ్ళు లోపలికి రాకుండా గేటు దగ్గర అడ్డంగా జాలీ కాలువ పెడతారు. మేస్త్రీని నేను తీసుకొస్తాను.

బీచ్‌గాలి
కొమ్మల సంగతిలో ఒక మనవి. చెట్లు కొట్టేయమని మాత్రం రాయకండి. హుద్‌హుద్ తుఫాను తర్వాత ఒక్క నీడ లేక ఊరు మోడుగా ఎలా ఉండేదో మరిచిపోలేదు. ఈ చెట్లు ఆ తర్వాత పెట్టినవి. మే నెలలో నీడ లేని ఫుట్‌పాత్ మీద ఎవరూ నడవరు. దీపం కిందికి వచ్చిన కొమ్మ ఒక్కటి తీస్తే చాలు.

ఆటో_శీను
నేనూ వచ్చాను ఆదివారం. చివర్లో బండాయన అందరికీ ఇడ్లీ పెట్టాడు, డబ్బులు తీసుకోలేదు. సుబ్బారావు గారు కూడా తిన్నారు, అల్లం చట్నీ రెండోసారి అడిగారు. బండ్లన్నీ ఒకే వరసలో గోడవైపు జరిగితే ఆరడుగుల దారి వస్తుందని ఇంజనీరు గారు టేపు పెట్టి చూపించారు. బండ్లవాళ్ళు సరే అన్నారు.

సెక్టారు_సుబ్బారావు
చట్నీ బాగుంది. దారి కూడా వస్తుంది. ఆ మాట ఒప్పుకుంటాను.

పెందుర్తి_రమణ
మీ థ్రెడ్ మొత్తం చదివాను. మేం మా దగ్గర స్కూలు ముందు రోడ్డుకి అర్జీ పెట్టినప్పుడు తెలిసిన సంగతులు చెప్తాను. సోమవారం పీజీఆర్ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే చోటు) ఇవ్వండి, రసీదు నంబరు తప్పక తీసుకోండి. రోడ్డు పని ఒకచోట, దీపాలు ఒకచోట, ట్రాఫిక్ ఇంకోచోట చూస్తారు కాబట్టి ఒకే కాగితంలో అన్నీ కలపకండి. మూడు కాగితాలు, మూడు రసీదులు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, ఒక కాపీ అక్కడికి పంపండి. ఫొటోలో స్కేలో టేపో కనబడాలి. 'ఫుట్‌పాత్ బాగోలేదు' అంటే ఎవరూ కదలరు. 'ఫలానా ఇంటి ఎదుట పలక లేదు, గుంత మూడడుగుల లోతు' అంటే మనిషి వస్తాడు.

నీలిమ_ఏయూ
రమణ గారూ, చాలా థాంక్స్. మూడు అర్జీలు ఈ రాత్రికే టైపు చేస్తాను.

హనుమంతవాక_అక్క
మీ అర్జీ నమూనా ఇక్కడ పెట్టమ్మా. మా వైపు ఆడవాళ్ళం పది మందిమి ఉన్నాం, మేమూ పెడతాం.

కడలి_లక్ష్మి
మూడు వారాలైంది, ఇప్పటిదాకా జరిగింది రాస్తున్నాను. ఆరు పలకల్లో నాలుగు వేశారు. దీపాలు అన్నీ వెలిగాయి. బండ్లు గోడవైపు జరిగాయి, ఎవరూ ఎవరినీ కసరలేదు. పొద్దున్న బడి వేళలో ఒక కానిస్టేబుల్ గంటసేపు నిలబడుతున్నారు. ర్యాంపుల్లో ఐదు లోపలికి మారాయి. మొదటిది మా సంఘం ప్రెసిడెంటు గారిది, రెండోది మాది, మూడోది సుబ్బారావు గారిది. మిగతా 26 ఇళ్ళవాళ్ళు 'చూద్దాం' అంటున్నారు. ఇంటింటికీ మళ్ళీ వెళ్తాం.

ఎత్తు క్రాసింగుకి ఎస్టిమేటు వేస్తామన్నారు, కొలతలు తీసుకెళ్ళారు.

అమ్మ నిన్న గేటు దాకా వచ్చింది. బయట సమంగా ఉన్న నేలని వాకర్‌తో తట్టి చూసి, 'ముందే చేయిస్తే పోయేది కదే' అంది. నా దగ్గర జవాబు లేదు.

ప్రసాద్_నాలుగుచక్రాలు
లక్ష్మి గారూ, నేను నిన్న మీ ఇంటి నుంచి సుబ్బారావు గారి ఇంటి దాకా రోడ్డు దిగకుండా వెళ్ళాను. నాలుగు ఇళ్ళ దూరం. వెనక్కి తిరిగి ఇంకోసారి వెళ్ళాను. అమ్మగారికి చెప్పండి.

సెక్టారు_సుబ్బారావు
మా ఆవిడ చూసింది మిమ్మల్ని. కాఫీకి పిలుద్దామని బయటికొచ్చేసరికి వెళ్ళిపోయారట. ఈసారి ఆగండి ప్రసాద్ గారూ.

వాకర్_మూర్తి
అందరూ చూశారా? నిన్న రాత్రి జీబ్రా గీతలు కొత్తగా వేశారు. తెల్లగా మెరిసిపోతున్నాయి. కానీ మళ్ళీ పాత చోటే వేశారు, డివైడర్ మూసి ఉన్న దగ్గరే! జనం ఎప్పట్లాగే సందు దగ్గర దాటుతున్నారు. పొద్దున్న నేను అక్కడ అరగంట నిలబడ్డాను. గీతల మీద నుంచి ఒక్కరు కూడా దాటలేదు.

విశ్రాంత_ఇంజనీరు
గీతలు జరపడం కన్నా, గీతలు ఉన్నచోట డివైడర్ నాలుగు మీటర్లు తెరిచి, ఆ పాత సందు మూయడం తేలిక. ఇప్పటి గీతలు రైతు బజారు గేటుకి ఎంత దూరమో కొలవాలి. దగ్గరైతే ఇదే అడుగుదాం. దూరమైతే జనం రారు, గీతలే జరపమనాలి. రేపు పొద్దున్న టేపుతో వస్తాను.

కడలి_లక్ష్మి
నేనొస్తాను మాస్టారు. సోమవారం మళ్ళీ అర్జీ ఇద్దాం. ఎవరెవరు వస్తారు?

ఆటో_శీను
మా ఆటోలో ఎక్కండి, ముగ్గురికి చోటుంది. ప్రసాద్ గారి కుర్చీ వెనక కట్టుకుందాం.

నీలిమ_ఏయూ
పాత రసీదు నంబర్లు మూడూ నా దగ్గరున్నాయి. ప్రింట్లు రెండేసి తెస్తాను.